ఆ బండలు లావా కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో బోరు పాయింట్లు చూసే జియాలజిస్ట్‌ని. మీ పేపర్ మా నాన్న కాలం నుంచి వేయించుకుంటున్నాం. ఈమధ్య మీ ఆదివారం పుస్తకంలో హైదరాబాద్ చుట్టుపక్కల బండల ఫోటోలు వేశారు, తీసినాయనకి దండం పెట్టాలి అంత బాగున్నాయి, కానీ వాటి కింద ఈ బండలన్నీ ఒకప్పుడు అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి అయినవే అని రాశారు. అది తప్పండి. అవి గ్రానైట్. లావాకీ గ్రానైట్‌కీ తేడా ఏదో మా సబ్జెక్టు వాళ్ళ చాదస్తం అనుకోకండి, మనం నిలబడ్డ ఈ ఖండం ఎలా తయారైందో తెలియాలంటే ముందు ఆ తేడానే పట్టుకోవాలి. అందుకే ఉత్తరం కొంచెం పెద్దదైంది. మొత్తం వేయడానికి జాగా లేకపోతే కనీసం సవరణ అయినా వేయండి.

ముందు లావా సంగతి చెప్తా. లావా చూడాలంటే వికారాబాద్ వైపు వెళ్ళాలి, అనంతగిరి కొండలు ఎక్కాలి, లేదంటే జహీరాబాద్, ఆదిలాబాద్ పోవాలి. అక్కడుండే నల్లరాయి దక్కన్ ట్రాప్స్, అది నిజంగానే లావా, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద నేల పగిలి పొరలు పొరలుగా పారింది, నల్లరేగడి నేల చాలా చోట్ల దాన్నుంచి వచ్చిందే. బయటి గాలికి తొందరగా చల్లారిపోతుంది కాబట్టి ఆ రాయిలో గింజలు కంటికి కనపడవు, మొత్తం ఒకే నలుపు. అదే హైదరాబాద్ బండ దగ్గరికెళ్ళి చూడండి, ముఖం ఆనించినంత దగ్గరగా. గులాబీ రంగు ఫెల్‌స్పార్ పలకలు బొటనవేలి గోరంత ఉంటాయి, వాటి మధ్యలో గాజులా బూడిదరంగు క్వార్ట్జ్, అక్కడక్కడా ఎండకి తళుక్కుమనే నల్ల అభ్రకం. అంత పెద్ద గింజలు పెరగాలంటే శిలాద్రవం నేల కింద కొన్ని కిలోమీటర్ల లోతులో, లక్షల ఏళ్ళ పాటు, నెమ్మదిగా చల్లారాలి. అది జరిగి దాదాపు 250 కోట్ల ఏళ్ళు. పైనున్న రాయంతా అరిగి కొట్టుకుపోయాక ఇప్పుడు మనకి బయటపడింది. గుండు మీద గుండు ఎవరో పేర్చినట్టు ఉంటాయి కదా, అది కూడా నెర్రెల వెంట నీళ్ళు దిగి మూలలు అరిగిపోవడం వల్లే, ఎవరూ పేర్చలేదు, ఎక్కడినుంచో దొర్లుకుంటూ కూడా రాలేదు.

ఇక ప్లేట్ల విషయం. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఏ ఛానెల్ పెట్టినా ఏ పేపర్ తిప్పినా టెక్టానిక్ ప్లేట్లే, అంటే భూమి పైభాగంలో నెమ్మదిగా కదిలే పెద్ద రాతి పలకలు. తర్వాత మళ్ళీ ఆ మాట లేదు. మనవాళ్ళ దృష్టిలో ప్లేట్లంటే భూకంపాలు, లేదంటే ఇండియా వెళ్ళి ఆసియాని గుద్దుకుంటే హిమాలయాలు లేచాయి అనే స్కూలు పాఠం, అంతే. దక్కన్‌ది గట్టి నేల, మనకీ ప్లేట్లకీ సంబంధం లేదు అని చదువుకున్నవాళ్ళే నాతో అంటుంటారు. ఈ గట్టి నేల ఉందే, ఇది అంత గట్టిగా అయిందే ప్లేట్లు కదిలి, మాగ్మా, అంటే శిలాద్రవం, పుట్టి, అది కొన్ని కోట్ల ఏళ్ళు కింద నుంచి పైకి వస్తూ పోవడం వల్ల. నేను ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క ముక్క కోసం.

కొంచెం వివరంగా చెప్తా. భూమి లోపల మాంటిల్ అనే పొర ఉంది, అది ఎక్కడ కరిగినా నేరుగా వచ్చేది బసాల్ట్, పైన చెప్పిన దక్కన్ ట్రాప్స్ లాంటి నల్లరాయి, దాంట్లో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) 50 శాతం దగ్గర ఉంటుంది. సముద్రాల అడుగంతా ఇదే, నడి సముద్రంలో రెండు ప్లేట్లు విడిపోయే చోట మాంటిల్ పైకి లేచి కరిగి కొత్త అడుగు తయారవుతూనే ఉంటుంది, దాని మందం 7 కి.మీ. దాకా. కానీ ఖండాల రాయి సగటున తీసుకుంటే సిలికా 60 శాతం దాకా ఉంటుంది, మన గ్రానైట్‌లో అయితే 70 పైనే, మందం 35, 40 కి.మీ., టిబెట్ కింద అయితే 70 దాకా. మరి మాంటిల్ బసాల్ట్ మాత్రమే ఇస్తుంటే ఈ గ్రానైట్ ఎక్కడిది? ఒక్కసారి కరిగితే గ్రానైట్ రాదు. కరిగినదాన్ని వడకట్టాలి, లేదా గడ్డకట్టినదాన్ని మళ్ళీ కరిగించాలి, అది ఒక్కసారి కాదు, చాలాసార్లు జరగాలి. ఆ పని జరిగే చోటు ఒక ప్లేటు ఇంకోదాని కిందికి దిగిపోయే చోటు.

సముద్రం అడుగు పుట్టాక నెమ్మదిగా చల్లబడి బరువెక్కుతుంది, చివరికి ఎక్కడో ఒకచోట పక్క ప్లేటు కిందికి దూరి మాంటిల్‌లోకి దిగిపోతుంది. అందుకే ఇవాళ మహాసముద్రాల అడుగు దాదాపు ఎక్కడ చూసినా 20 కోట్ల ఏళ్ళకి మించి పాతది దొరకదు. ఖండం రాయి తేలిక, ఘనసెంటీమీటరుకి 2.7 గ్రాములు, కింద మాంటిల్‌ది 3.3. కాబట్టి ఖండం మునగనంటుంది. కెనడాలో అకస్టా అనే చోట 400 కోట్ల ఏళ్ళ గ్నైస్, అంటే వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన రాయి, ఉంది, ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ దగ్గర దొరికిన జిర్కాన్ అనే ఖనిజం గింజలు 440 కోట్ల ఏళ్ళవి. భూమి వయసే 454 కోట్లు, చూడండి మరి. సముద్రం అడుగు ఎప్పటికప్పుడు మారిపోతుంటే ఖండం మాత్రం ఒకసారి తయారయ్యాక నిలబడిపోతుంది, పూర్తిగా నిలబడుతుందని కాదు, కొంత అరిగి మట్టయి మళ్ళీ ప్లేట్లతో పాటు కిందికి పోతుంది, కానీ గట్టిపడ్డ నడిభాగం ఉంటుంది.

కిందికి దిగే ఆ సముద్రపు ప్లేటు ఒట్టి రాయి అయితే ఏమీ జరిగేది కాదు. అది కోట్ల ఏళ్ళు సముద్రం కింద నానింది కదా, నీళ్ళు దాని ఖనిజాల్లో కలిసిపోయి ఉంటాయి, దిగేకొద్దీ ఒత్తిడికీ వేడికీ ఆ నీళ్ళు బయటికొస్తాయి, సుమారు 100 కి.మీ. లోతుకి చేరేసరికి చాలావరకు వచ్చేసి పైనున్న మాంటిల్‌లోకి ఎక్కుతాయి. అంత లోతులో పొడిగా ఉంటే 1400 డిగ్రీలు దాటితే గానీ కరగని రాయి, నీళ్ళు చేరేసరికి 1000 డిగ్రీల దగ్గర్లోనే కరగడం మొదలెడుతుంది. కరిగిందంటే ఇక తేలికైపోయింది, పైకి రావాల్సిందే. ఆండీస్ పర్వతాలు, జపాన్, ఇండోనేషియా అగ్నిపర్వతాలన్నీ ఇలా పుట్టినవే. మన దేశంలో కూడా ఒకటి ఉంది, అండమాన్ సముద్రంలో బారెన్ ద్వీపం, చాలా ఏళ్ళు నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది, దేశంలో బతికున్న అగ్నిపర్వతం అదొక్కటే. 2004 డిసెంబర్ 26 సునామీ మన కోస్తా వాళ్ళు మర్చిపోరు కదా, ఆ భూకంపం వచ్చింది కూడా మన ప్లేటు అటు కిందికి దిగే ఆ గీత మీదే. ఊళ్ళు ముంచిన ఆ దిగుడే అక్కడ కొత్త నేలకి కావాల్సిన మాగ్మాని కూడా తయారుచేస్తోంది. నీళ్ళు లేని గ్రహం మీద మనకున్నంత గ్రానైట్ ఖండాలు తయారయ్యే దారి లేదు అని జియాలజిస్టులు చాలా ఏళ్ళుగా చెప్తున్నది ఇందుకే, సముద్రం ఉండబట్టే ఖండం ఉంది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన విషయం ఇది, ఎవరు కూర్చోబెట్టి వింటానంటే వాళ్ళకి చెప్తుంటా.

సరే, అలా పైకొచ్చిన మాగ్మా కూడా మొదట్లో బసాల్టే. అది నేరుగా బయటికి రాదు, ఎక్కువ భాగం క్రస్ట్, అంటే మాంటిల్ మీదుండే భూమి పైపెంకు, అడుగునే ఆగిపోతుంది, అక్కడ గదులు గదులుగా నిలవుండి చల్లారడం మొదలెడుతుంది. ఇనుము, మెగ్నీషియం ఎక్కువుండే బరువైన ఖనిజాలు ముందు గడ్డకట్టి అడుగుకి చేరతాయి, మిగిలిన ద్రవంలో సిలికా, పొటాషియం, సోడియం పెరుగుతూ పోతాయి. చినగంజాం ఉప్పు మడుల్లో పనిచేసిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, నీళ్ళు ఎండేకొద్దీ ఉప్పు గడ్డకట్టి అడుగున చేరుతుంది, చివర మిగిలే చేదు నీళ్ళలో ఆ ఉప్పు తీసుకోని పదార్థాలన్నీ చిక్కగా పోగవుతాయి. ఏ ఖనిజం ముందు గడ్డకడుతుంది ఏది తర్వాత అన్న వరుసని నార్మన్ బోవెన్ అనే ఆయన 1920లలో ల్యాబులో రాళ్ళు కరిగించి మరీ తేల్చాడు. ఇప్పటికీ డిగ్రీ మొదటి ఏడాదిలో పిల్లలు అదే చదువుతారు.

దీనికి సాక్ష్యం మీ ఆఫీసు రిసెప్షన్‌లో కూడా ఉండొచ్చు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ ఉంది కదా, నల్లగా ఉండి లోపల బంగారు చుక్కలు మెరుస్తుంటాయి, ప్రపంచమంతా కిచెన్ ప్లాట్‌ఫారాలకి, లిఫ్టుల పక్కన గోడలకి పోతుంది. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి, గ్రానైట్‌కి పూర్తిగా అవతలి కొస. మాగ్మా గదిలో ముందు గడ్డకట్టి పేరుకున్న గింజలవి, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ ఖనిజం, కాంతి పడ్డప్పుడు కంచులా మెరుస్తుంది. కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ దాని పక్కన పెట్టి చూడండి, అందులో ఎర్రటి పెద్ద పెద్ద ఫెల్‌స్పార్లు ఉంటాయి, పొటాషియం ఎక్కువున్న ద్రవం నుంచి వచ్చిందని చూడగానే తెలుస్తుంది. ఇవి రెండూ ఒకే చోట ఒకే కాలంలో పుట్టినవి కావు, అది గుర్తుపెట్టుకోవాలి, కానీ మాగ్మా ఎలా విడిపోతుందో చూపించడానికి ఇంతకంటే మంచి జత నాకు దొరకలేదు. మార్బుల్ షాపుకి వెళ్ళే ప్రతివాళ్ళూ ఇవి చూస్తారు, రేటు అడుగుతారు, ఎలా పుట్టిందని అడిగేవాళ్ళే తక్కువ.

ఇక మన రాళ్ళ దగ్గరికి వద్దాం. కర్ణాటక, తెలంగాణ, రాయలసీమ కలిపి మేము ధార్వార్ క్రేటాన్ అంటాం, క్రేటాన్ అంటే ముందు చెప్పిన ఖండం గట్టిపడ్డ నడిభాగమే. దీని పడమటి సగం పాతది, 340 నుంచి 300 కోట్ల ఏళ్ళ నాటి గ్నైస్‌లు. తూర్పు సగం, అంటే మనది, ఎక్కువగా 270 నుంచి 250 కోట్ల ఏళ్ళ మధ్య తయారైంది. రెండింటి మధ్యలో క్లోజ్‌పేట్ గ్రానైట్ అని ఒక పొడుగాటి పట్టీ ఉంది, బెంగళూరు పక్కన రామనగర పాత పేరు క్లోజ్‌పేట్, అక్కడినుంచి ఉత్తరానికి దాదాపు 400 కి.మీ. పోతుంది, వయసు సుమారు 252 కోట్లు. మన వైపు గ్రానైట్ మధ్యమధ్యలో సన్నటి పట్టీలుగా పాత బసాల్ట్, పాత మట్టిరాళ్ళు చిక్కుకుపోయి ఉంటాయి, వాటిని గ్రీన్‌స్టోన్ బెల్టులంటారు, అనంతపురం వైపు రామగిరి, కర్నూలు జిల్లా జొన్నగిరి, కర్ణాటకలో హట్టి, కోలార్. బంగారం దొరికిన చోట్లన్నీ అవే. చిత్రదుర్గ దగ్గర మరదిహళ్ళిలో ఆ కాలపు లావా దిండ్లు దిండ్లుగా కనపడుతుంది, లావా నీళ్ళ అడుగున పారితేనే ఆ ఆకారం వస్తుంది. అంటే అక్కడ నీళ్ళున్నాయి, వాటి కింద బసాల్ట్ పారింది, దాని చుట్టూ గ్రానైట్ పుట్టింది. ఇవాళ అండమాన్‌లో, ఆండీస్‌లో కనపడే సామానంతా 250 కోట్ల ఏళ్ళ కింద ఇక్కడ ఉందన్నమాట.

అయితే ఇక్కడ జియాలజిస్టుల్లో రెండు వర్గాలున్నాయి, అది దాచకూడదు. ఒక వర్గం, తూర్పు ధార్వార్ అంతా ఇవాళ్టిలాగే ప్లేట్లు కిందికి దిగి, ద్వీపాల వరసలు పుట్టి, అవి ఒక్కొక్కటే వచ్చి పడమటి పాత ఖండానికి అతుక్కుని పెరిగింది అంటారు. రెండో వర్గం, కాదు, అప్పుడు మాంటిల్ ఇప్పటికంటే వంద, రెండొందల డిగ్రీలు వేడిగా ఉండేది, లోతు నుంచి వేడి రాయి ఉబికొచ్చి మందమైన బసాల్ట్ పీఠం ఏర్పడి దాని అడుగే మళ్ళీ కరిగింది అంటారు. నాకు మొదటిది ఎక్కువ నమ్మదగ్గదిగా కనపడుతుంది, ఎందుకంటే మన గ్రానైట్లలో కొన్నిటి రసాయనం చూస్తే నీళ్ళు తగిలిన మాంటిల్ నుంచి వచ్చిన గుర్తులు స్పష్టంగా ఉంటాయి, అన్ని నీళ్ళు అంత లోతుకి తీసుకెళ్ళాలంటే ఏదో ఒక రకంగా ప్లేటు దిగాల్సిందే. వాదన ఎటు తేలినా ఒకటి మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు, చివర్లో, అంటే 250 కోట్ల ఏళ్ళ దగ్గర, అప్పటికే ఉన్న క్రస్ట్ మళ్ళీ కరిగి పొటాషియం గ్రానైట్ వరదలా పైకి వచ్చింది. ఆ వరదతో పాటే వేడి పుట్టించే యురేనియం, థోరియం, పొటాషియం పైకి వచ్చేశాయి, కింది క్రస్ట్ పొడిగా గట్టిగా మిగిలింది, ఆ తర్వాత అది మెత్తబడలేదు. మనది గట్టి నేల అంటారే, ఆ గట్టిదనం అప్పుడొచ్చింది.

ఇదే పని మనకి దగ్గరి కాలంలో చూడాలంటే లద్దాఖ్ వెళ్ళాలి. ఇప్పుడు మనవాళ్ళు బైకుల మీద తెగ పోతున్నారు కదా. లేహ్ నుంచి ఖర్దుంగ్ లా ఎక్కేటప్పుడు రోడ్డు పక్కన బూడిదరంగు గ్రానైట్ కనపడుతుంది, ఇండియా వెళ్ళి ఆసియాని తగలకముందు మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం అడుగు కిందికి దిగినప్పుడు పుట్టిన గ్రానైట్ అది, అందులో ఎక్కువ భాగం 5, 6 కోట్ల ఏళ్ళదే. మన బండలతో పోలిస్తే నిన్నగాక మొన్న పుట్టింది.

ఇన్ని కోట్ల ఏళ్ళని ఎలా చెప్తారు, ఎవరు చూశారు అని ఊళ్ళల్లో నన్ను చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. గ్రానైట్‌ని పొడిచేసి వెతికితే జిర్కాన్ అనే గింజలు దొరుకుతాయి, ఇసుక రేణువు కంటే చిన్నవి. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు దాంట్లో ఉన్న సీసం దాదాపు అంతా యురేనియం విరిగి అయిందే, యురేనియం-238 సగం అవడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, 235 కి 70 కోట్లు, రెండు గడియారాలూ ఒకే వయసు చెప్తే ఇక అనుమానం ఉండదు. ఒక్కోసారి గింజ నడిమధ్యలో పాత వయసు, అంచుల్లో కొత్త వయసు వస్తుంది, అంటే పాత రాయి కరిగినా గింజ మాత్రం పూర్తిగా కరగకుండా దాని చుట్టూ కొత్త పొర పెరిగింది. ఖండం తనని తానే కరిగించుకుని మళ్ళీ తయారైందని అంత చిన్న గింజలో రాసి ఉంటుంది.

నా పనిలో ఇదంతా ఎక్కడ కనపడుతుందంటే బోరు పొడిలో. బండి మొదలెట్టినప్పుడు ముందు ఎర్రమట్టి, తర్వాత గరుకు మొరం, కేసింగ్ దిగిందాకా మెత్తగానే పోతుంది, ఆ తర్వాత రాయి తగిలి తెల్లటి పొడి లేస్తుంది, గులాబీ గ్రానైట్ అయితే పొడి కొంచెం ఎర్రగా వస్తుంది. ఉన్నట్టుండి పొడి ముదురు బూడిదరంగుకి తిరిగి బండి చప్పుడు మారిందంటే డోలరైట్ డైక్ తగిలిందన్నమాట. గ్రానైట్ గట్టిపడ్డాక మళ్ళీ నేల సాగి పగిలినప్పుడు ఆ పగుళ్ళలోకి మాంటిల్ నుంచి ఎక్కిన బసాల్ట్ గోడలవి, వాటిలో కొన్నిటి వయసు 237 కోట్ల ఏళ్ళు. నల్లగుండ్లు వరసగా పేర్చినట్టు చేల మధ్యనుంచి కిలోమీటర్ల కొద్దీ పోతుంటాయి, రైతులందరికీ తెలుసు. భూగర్భ జలాలకి అవి చాలా చోట్ల అడ్డుకట్టలా పనిచేస్తాయి, కట్టకి ఎగువన పాయింట్ పెడితే నీళ్ళు, దిగువన పెడితే దుమ్ము, ఒకే రైతు చేలో అలా జరిగింది చూశాను. ఆ రైతు అప్పు తీరడం తీరకపోవడం కూడా ఆ నల్లరాయి ఎటు పోయిందన్న దాని మీద ఉంటుంది.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఫ్లోరైడ్. మా జిల్లా పేరు దేశమంతా తెలిసింది దానివల్లే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట బయటపెట్టింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. నల్లగొండ అయినా, దర్శి, పొదిలి వైపు అయినా జనం కాళ్ళు వంకర్లు పోవడానికి మూలం నేల కింద రాయిలో ఉంది. ముందు చెప్పానే, మాగ్మా గడ్డకడుతూ పోతుంటే మొదటి ఖనిజాల్లో ఇమడనివన్నీ చివరి ద్రవంలో పోగవుతాయని, ఫ్లోరిన్ కూడా అలాంటిదే, అది చివరికి గ్రానైట్‌లోని అభ్రకంలో, అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాల్లో చేరింది. మన ఎండలకి, తక్కువ వానలకి, నీళ్ళు రాయిలో ఎక్కువ కాలం నిలిచి ఆ ఫ్లోరిన్‌ని ఫ్లోరైడ్‌గా కరిగించుకుంటాయి, నీళ్ళలో ఉండాల్సిన కాల్షియం ఏమో సున్నపు గడ్డలుగా మట్టిలోనే పేరుకుపోతుంది, దాంతో ఫ్లోరైడ్‌ని పట్టి ఆపేది ఉండదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటిన బోర్లు నా చేతుల మీదుగా చాలా పోయాయి. మర్రిగూడ వైపు ఊళ్ళల్లో ముప్పై ఏళ్ళకే నడుం వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళకి ఖండం ఎలా పుట్టిందన్నది పనికిమాలిన ప్రశ్నలా అనిపించదు. ఇప్పుడు నల్లా నీళ్ళొచ్చి చాలా తగ్గింది, మంచిదే, కానీ ఎక్కడ బోరు నీళ్ళు తాగొచ్చు ఎక్కడ తాగకూడదు అనేది చెప్పాలంటే ఏ గ్రానైట్ ఎక్కడుందో మ్యాపు కావాలి, ఆ మ్యాపు కావాలంటే ఈ సబ్జెక్టు చదివినవాళ్ళు ఉండాలి.

ఆంధ్ర వైపు కథ వేరే, అది క్లుప్తంగా చెప్తా. నెల్లూరు జిల్లా కండ్ర దగ్గర సుమారు 185 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగు ముక్కని గుర్తించారు, ప్లేటు మొత్తం కిందికి దిగిపోతే కొంత ఇలా నేల మీదే చిక్కుకుపోతుంది. విశాఖ కైలాసగిరి, సింహాచలం కొండలు ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు, ఒకప్పుడు మామూలు ఒండ్రుమట్టి, క్రస్ట్ లోతుకి పోయి విపరీతంగా వేడెక్కి అలా మారింది, తూర్పు కనుమలకి సుమారు 100 కోట్ల ఏళ్ళ కింద తూర్పు అంటార్కిటికాతో కలిసిన చరిత్ర ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో అయితే కింద పాత గ్రానైట్, దాని మీద కడప బేసిన్ క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి), మధ్యలో ఒక్క గీత, ఆ గీతలో పదుల కోట్ల ఏళ్ళు పోయాయి. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. రోజూ వేల మంది భక్తులు దాని పక్క నుంచే పోతారు, బస్సు కిటికీలోంచి చూసినా కనపడుతుంది, ఏం చూడాలో చెప్పేవాళ్ళు ఉండాలి అంతే.

కింద ఎంత లోతుందో తెలుసుకున్న పని కూడా మన దగ్గరే మొదలైంది. 1970లలో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు నెల్లూరు జిల్లా కావలి నుంచి పడమటి తీరం ఉడిపి దాకా, ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం వరకు, దాదాపు 600 కి.మీ. గీత గీసి, బోర్లలో మందుగుండు పేల్చి, ఆ అదురు కింద క్రస్ట్ అడుగుకి తగిలి తిరిగొచ్చే టైము కొలిచారు. దేశంలో అలాంటి సర్వే అదే మొదటిది. తూర్పు వైపు క్రస్ట్ మందం సుమారు 35 కి.మీ. దగ్గర్లో, పడమట పాత సగం కింద ఇంకా ఎక్కువ అని మనకి తెలిసింది అలాంటి కొలతల వల్లే. మన కావలి పేరు అంతర్జాతీయ పరిశోధన పత్రాల్లో ఉందని కావలి వాళ్ళకే ఎంతమందికి తెలుసు? తెలుగు పేపర్లలో దాని మీద ఒక మంచి వ్యాసం రావాలి, నాకు ఆ కోరిక చాలా ఏళ్ళుగా ఉంది.

ఇప్పుడు నా బాధ చెప్తా. గ్రానైట్ కొట్టొద్దని నేననను, ఇళ్ళు కట్టాలి, రోడ్లు వేయాలి, కంకర కావాలి, క్వారీల మీద బతికే కుటుంబాలు మా జిల్లాలో ఎన్నో ఉన్నాయి. కానీ ఏ బండ కొడుతున్నామో చూసుకోకుండా కొడుతున్నారు. గ్రానైట్‌లో నల్లటి మచ్చలు గుండ్రంగా చిక్కుకుని ఉండే చోట్లు కొన్ని ఉంటాయి, చల్లారుతున్న గ్రానైట్ మాగ్మాలోకి కింది నుంచి వేడి బసాల్ట్ మాగ్మా దూసుకొచ్చి పూర్తిగా కలవకుండా ముద్దలు ముద్దలుగా ఆగిపోయిన ఆనవాళ్ళు. అంచులు చూస్తే నల్లముద్ద గ్రానైట్‌లోకి వేళ్ళు చాచినట్టు ఉంటుంది, గ్రానైట్‌లోని పెద్ద ఫెల్‌స్పార్ గింజ ఒకటి నల్లముద్దలోకి దూరి సగం లోపల సగం బయట ఆగిపోయి ఉంటుంది, రెండు మాగ్మాలూ ఒకేసారి ద్రవంగా ఉన్నాయని చెప్పడానికి ఇంకే రుజువూ అక్కర్లేదు. మాంటిల్ మాగ్మా, క్రస్ట్ మాగ్మా కలిసి ఖండాన్ని ఎలా కడతాయో చేత్తో తాకి చూపించగల చోటు అది. నేను పిల్లల్ని తీసుకెళ్ళి చూపించే అలాంటి బండ ఒకటి మొన్నటి వేసవిలో కంకర మిషన్‌లోకి పోయింది. దానికి పది అడుగుల పక్కన అదే గ్రానైట్, మచ్చలు లేనిది, కావల్సినంత ఉంది, కంకరకి అది చాలు. చెప్పే మనిషి లేక, అడిగే రూలు లేక పోయింది.

హైదరాబాద్‌లో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు బండల కోసం పోరాడుతున్నారు, కొన్నిటికి వారసత్వ జాబితాలో చోటు కూడా తెచ్చారు, వాళ్ళకి నా నమస్కారాలు. 2025లో కంచ గచ్చిబౌలి గొడవ అప్పుడు చెట్ల గురించి, జింకల గురించి, నెమళ్ళ గురించి చాలా వచ్చింది, రావాలి కూడా, అక్కడి పుట్టగొడుగు రాయి ఫోటో కూడా అందరూ షేర్ చేశారు. కానీ ఆ రాయి వయసెంత, ఎలా పుట్టింది అని వివరంగా రాసింది నా కంట పడలేదు. అందం కోసం కాపాడమంటే రియల్ ఎస్టేట్ వాళ్ళు బండ పక్కన లాన్ వేసి, రంగు లైట్లు పెట్టి, కాపాడాం అంటారు. ఏది ఎందుకు ముఖ్యమో జియాలజిస్టుతో చూపించి, గుర్తు పెట్టి, అప్పుడు లే అవుట్‌కి పర్మిషన్ ఇవ్వమని అడగాలి. మండలానికి రెండు మూడు బండలు, హైవే కట్టింగుల్లో సిమెంటు పూయకుండా వదిలేసిన కొన్ని ముఖాలు, చాలు. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు, ఒక బోర్డు, ఒక కంచె. మైన్స్ డిపార్ట్‌మెంట్ లీజు ఇచ్చే ముందు ఒక్కరోజు వచ్చి చూసే ఏర్పాటు ఉంటే సరిపోతుంది.

స్కూళ్ళ సంగతి కూడా రాయండి. పాఠాల్లో ప్లేట్లు, హిమాలయాలు, అగ్నిపర్వతాల బొమ్మ ఉంటాయి, పిల్లాడు కూర్చున్న బడి వెనకున్న గుట్ట గురించి మాత్రం ఒక్క లైను ఉండదు. భువనగిరిలో చదివే పిల్లకి రోజూ కళ్ళముందు అంత పెద్ద ఏకశిల కనపడుతుంటే అది 250 కోట్ల ఏళ్ళ కింద నేల లోపల చల్లారిన మాగ్మా అని ఎవరైనా చెప్తే ఎలా ఉంటుంది? గోల్కొండ కోట చూపించే గైడు చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినిపిస్తాడు, దాంతో పాటు కోట ఏ రాయి మీద కట్టారో రెండు మాటలు చెప్పినా చాలు. మా జిల్లాలో జియాలజీ తీసుకునే పిల్లలు నా కళ్ళముందే తగ్గిపోయారు, ఉద్యోగాలు లేవని తల్లిదండ్రులు వద్దంటున్నారు, అదే సమయంలో ప్రతి ఊళ్ళో బోర్ల మీద లక్షలు పోస్తున్నారు. కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చెప్పేవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, చదువుకున్నవాళ్ళు అందుబాటులో లేకపోతే రైతు ఎవర్ని నమ్మాలి?

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ముందు ఆ ఫోటోల కింది మాట సరిచేయండి, లావా అన్న చోట గ్రానైట్ అని, నేల లోతున చల్లారిన శిలాద్రవం అని. తర్వాత వీలు చూసుకుని అదే ఆదివారం పుస్తకంలో నెలకో బండ చొప్పున శీర్షిక పెట్టండి, ఒక నెల భువనగిరి, ఒక నెల చీమకుర్తి, ఒక నెల రామగిరి, తిరుమల ఘాట్ రోడ్డు, బారెన్ ద్వీపం, రాసేవాళ్ళకి కొదవ లేదు, ఉస్మానియా జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో, ఎన్‌జీఆర్‌ఐలో తెలుగులో చక్కగా చెప్పగలిగిన వాళ్ళు ఉన్నారు, అడిగితే కాదనరు. మా జిల్లా వరకు మీ ఫోటోగ్రాఫర్‌ని పంపితే నేనే దగ్గరుండి చూపిస్తా, డైక్ గ్రానైట్‌ని కోసుకుంటూ పోయే చోటు, నల్లముద్దలు ఇంకా మిగిలున్న గుట్ట ఒకటి. ఎండలు ముదరకముందు వస్తే మంచిది, పొద్దున ఏడింటికి వెలుతురు వాలుగా పడుతుంది, గింజలు బాగా కనపడతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
బోరు పాయింట్లు చూసే జియాలజిస్ట్,
నల్లగొండ జిల్లా